ప్రభుత్వ కొలువా, పెట్టుబడి సంస్థా? వాతావరణ మార్పు రంగంలో రెండు వైపులా పనిచేయాలనుకునే ఇంజనీరుకు జవాబు

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీ వయసు 27. వరంగల్‌లో ఎలక్ట్రికల్ బీటెక్ చేసి, అయిదేళ్ళుగా మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉన్నారు. వాతావరణ మార్పు మీద పనిచేయాలని, ఏనాటికైనా విధానాలు నిర్ణయించే చోటో పెట్టుబడులు మళ్ళించే చోటో కూర్చోవాలని ఉంది. ఉద్యోగం మానేసి అశోక్‌నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదవాలా, ఎంబీఏ చేసి హరిత పెట్టుబడుల వైపు వెళ్ళాలా, ఒకటి పట్టుకుంటే రెండోది చేజారిపోతుందా అన్నది మీ సందేహం.

నేరుగా జవాబు చెబుతాను. రెండోది చేజారదు. ముందు ప్రభుత్వం వైపు కొన్నేళ్ళు పనిచేసి, ఆ తర్వాత పెట్టుబడి వైపు వెళ్ళడం మేలు. అయితే ప్రభుత్వం వైపు అంటే సివిల్స్ ఒక్కటే అనుకోవద్దు, చేతిలో ఉన్న ఉద్యోగాన్ని ఇప్పుడే వదలవద్దు. వీటన్నిటికంటే ముందు విద్యుత్తో, నీరో, పంటో, నగరంలో ఎండ వేడిమో, ఏదో ఒక రంగాన్ని తేల్చుకోండి. వాతావరణ మార్పు పేరుతో ఉద్యోగం వెతుక్కుంటూ బయలుదేరినవారిని నేను చాలామందిని చూశాను. అయిదేళ్ళ తర్వాత కూడా వారిలో ఎక్కువమంది సదస్సులకు నివేదికలు రాస్తూనే ఉన్నారు. రంగం పట్టుకుని బయలుదేరినవారు మాత్రం ఏదో ఒక సంతకం పెట్టే కుర్చీ దాకా వెళ్ళారు.

నా సంగతి కొంత చెబితేగాని ఈ మాటకు ఆధారం ఉండదు. 2001లో ఉమ్మడి రాష్ట్రంలోని ఒక విద్యుత్ పంపిణీ సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాను. మొదటి నాలుగేళ్ళు మహబూబ్‌నగర్ జిల్లాలో సబ్‌స్టేషన్ల చుట్టూ తిరిగాను. ఆ తర్వాత హైదరాబాద్‌లో విద్యుత్ కొనుగోలు విభాగంలోనూ, చివరి మూడేళ్ళు డిప్యుటేషన్ మీద పునరుత్పాదక ఇంధన వ్యవహారాలు చూసే కార్యాలయంలోనూ పనిచేసి, 2014లో రాజీనామా చేశాను. అప్పటి నుంచి సౌర, పవన, నీటి ప్రాజెక్టులలో డబ్బు పెట్టే ఒక సంస్థలో ఉన్నాను. అందువల్ల నేను చెప్పేదంతా విద్యుత్ వైపు నుంచి చూసిన దృష్టి అని గుర్తుంచుకుని చదవండి.

ప్రభుత్వం ముందు, పెట్టుబడి తర్వాత అనడానికి కారణం ఒక చిన్న లెక్కలో కనిపిస్తుంది. సులువు కోసం గుండ్రని అంకెలు తీసుకుంటున్నాను. ఒక మెగావాట్ సౌర కేంద్రానికి 4 కోట్ల రూపాయలు ఖర్చయిందనుకుందాం. మన ప్రాంతపు ఎండకు అది ఏటా 16 లక్షల యూనిట్ల వరకూ ఇస్తుంది. యూనిట్ 3 రూపాయలకు విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కమ్, కొంటే ఏడాది రాబడి 48 లక్షలు, నిర్వహణకు 4 లక్షలు పోతే మిగిలేది 44 లక్షలు. పెట్టుబడిలో 3 కోట్లు బ్యాంకు అప్పు. 9 శాతం వడ్డీతో 15 ఏళ్ళ సమాన వాయిదాలు కడితే ఏటా సుమారు 37 లక్షలు అవుతుంది. అంటే సొంతంగా కోటి రూపాయలు పెట్టినవారికి ఏడాదికి 7 లక్షలు మిగులుతాయి.

ఇప్పుడు ఆ డిస్కమ్ బిల్లులను ఎనిమిది నెలలు ఆలస్యంగా చెల్లిస్తోందనుకోండి. ఏ రోజు చూసినా 32 లక్షలు రావలసినవి రాకుండా ఉంటాయి. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు కాబట్టి ఆ మొత్తాన్ని 12 శాతానికి చేబదులు తెచ్చుకోవాలి. దాని వడ్డీ ఏడాదికి 3 లక్షల 84 వేలు. మిగులు 7 లక్షల నుంచి 3 లక్షలకు పడిపోతుంది. తర్వాతి టెండరులో ఆ కంపెనీ ఏం చేస్తుంది? ఆ 3 లక్షల 84 వేలను 16 లక్షల యూనిట్ల మీద పరిచి, యూనిట్‌కు పావలా పెంచి ధర వేస్తుంది. ఎండ తగ్గలేదు, పలకల ధర పెరగలేదు, ఆ పావలా పూర్తిగా ఆలస్యానికి కట్టిన ధర.

ఆ పావలా పుట్టేది ప్రభుత్వ కార్యాలయంలోని ఫైలులో, దానికి ధర కట్టేది పెట్టుబడి సంస్థ లెక్కల పట్టీలో. ఈ రెండు చోట్లా కూర్చున్నవారు ఒకరి మాట మరొకరికి అర్థం కాకుండా ముప్పై ఏళ్ళు ఉద్యోగాలు చేసి రిటైరవుతుంటారు. మీరు అడుగుతున్న నాయకత్వం, నా దృష్టిలో, ఆ పావలాను రెండు చోట్లా గుర్తుపట్టి తగ్గించగలగడం. పెట్టుబడి వైపున ఉన్నవారికి ఆలస్యం ఎన్ని రోజులో తెలుస్తుంది, ఎందుకో తెలియదు. ఎందుకన్నది ఫైలు నడిపినవారికే తెలుస్తుంది.

నాకది తెలిసిన తీరు కూడా చెబుతాను, అందులో నా గొప్పతనం ఏమీ లేదు. కొనుగోలు విభాగంలో ఉన్నప్పుడు ఒక చిన్న ఉత్పత్తిదారు నెల బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. ఉమ్మడి మీటర్ రీడింగ్ కాగితం మీద రెండు సంతకాలున్నాయి గాని, ఒక సంతకం కింద తేదీ లేదు. నిబంధన ప్రకారం నేను దాన్ని తిప్పి పంపాను. ఆ కాగితం డివిజన్ కార్యాలయానికి వెళ్ళి, సెలవులో ఉన్న అధికారి కోసం ఆగి, మళ్ళీ అకౌంట్స్ విభాగం మీదుగా నా దగ్గరికి చేరేసరికి 70 రోజులు పట్టింది. జాగ్రత్తగల అధికారినని నాకు నేనే మెచ్చుకున్నాను. పదేళ్ళ తర్వాత పెట్టుబడి సంస్థలో ఒక పాత ప్రాజెక్టు లెక్కలు తిరగేస్తుంటే, 'చెల్లింపు ఆలస్యం: సగటున 90 రోజులు' అన్న వరుసలో మా పాత కార్యాలయం పేరు కనిపించింది. తేదీ లేకపోతే ఫోన్ చేసి, మరునాడు మనిషిని పంపి వేయించుకోమనడానికి ఏ నిబంధనా అడ్డు రాదని నాకు అప్పుడుగాని తట్టలేదు.

చెల్లింపు మీద నమ్మకం కుదిరితే ధర ఎంత దిగుతుందో చూడాలంటే మధ్యప్రదేశ్‌లోని రేవా సౌర పార్కు ఉంది. 2010 డిసెంబరులో జాతీయ సౌర మిషన్ మొదటి వేలంలో ధరలు యూనిట్‌కు సగటున 12 రూపాయల దగ్గర ఉండగా, 2017 ఫిబ్రవరిలో 750 మెగావాట్ల రేవా వేలంలో మొదటి ఏడాది ధర 2.97 రూపాయలు పలికింది. పలకలు చౌక కావడం ఇందులో పెద్ద కారణమే, కాదనను. కానీ అదే కాలంలోని ఇతర వేలాలకంటే రేవా కిందికి రావడానికి ఒప్పందం రాసిన తీరు కారణం. చెల్లింపు ఆగితే ముందు లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవారి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), తర్వాత ప్రత్యేక నిధి, చివరికి రాష్ట్ర ప్రభుత్వ పూచీ అని మూడు మెట్ల భద్రత పెట్టారు. కొనేవారిలో ఢిల్లీ మెట్రోను కూడా చేర్చారు. ఆ పత్రాలను తయారు చేసినవారికి ఫైలూ తెలుసు, బ్యాంకూ తెలుసు. ఈ రంగంలోకి రాదలచినవారు మిగతా చదువులకంటే ముందు రేవా ఒప్పందాల తీరును అర్థం చేసుకోవాలని నేను మా కొత్త ఉద్యోగులకు చెబుతుంటాను.

దీనికి ఎదురు అనుభవం మన పొరుగునే ఉంది. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటికే కుదిరిన సౌర, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను తిరిగి చర్చించాలని ఒక కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న ధరలే చెల్లించాలని తీర్పు ఇచ్చింది. పాత ధరలు ఎక్కువన్న వాదనలో నిజం లేకపోలేదు. అయినా ఆ మూడేళ్ళలో రెండు తెలుగు రాష్ట్రాల ప్రాజెక్టు అన్న మాట వినగానే రుణ కమిటీలలో ముఖాలు మారడం నేను దగ్గర నుంచి చూశాను. ఆ నిర్ణయంతో సంబంధం లేని తెలంగాణ ప్రాజెక్టుకు కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఇక ప్రభుత్వం వైపు తలుపుల సంగతి.

సివిల్స్ గురించి నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. ఏటా దరఖాస్తులు పది లక్షల దాకా వస్తాయి, పోస్టులు వెయ్యి అటూ ఇటూ ఉంటాయి. జనరల్ కేటగిరీలో 32 ఏళ్ళ దాకా ఆరు ప్రయత్నాలు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున ఏడింటికే కుర్చీ కోసం సంచి పెట్టి వెళ్ళే పిల్లల కష్టం నాకు తెలుసు, వారిలో మా బంధువుల పిల్లలు కూడా ఉన్నారు. కలెక్టరు కావాలని ఉంటే తప్పక రాయండి. వాతావరణ మార్పు మీద పనిచేయడం కోసమే అయితే ఆలోచించుకోండి, ఎందుకంటే ఏ శాఖలో వేస్తారో, ఎన్ని నెలలు ఉంచుతారో మీ చేతిలో ఉండదు. ఇంధన శాఖలో విషయం ఒంటపట్టే సమయానికి బదిలీ మీద వెళ్ళిపోయిన మంచి అధికారులను నేను ఎందరినో చూశాను. రాసేటట్లయితే రెండు ప్రయత్నాలని ముందే హద్దు పెట్టుకుని, ఉద్యోగం చేస్తూనే రాయండి. గ్రూప్-1కూ ఇదే మాట.

పెద్ద సర్వీసులో లేకుండానే దేశ విధానాన్ని మలచినవారు ఉన్నారు. అజయ్ మాథుర్ చదివింది కెమికల్ ఇంజనీరింగ్. ప్రపంచ బ్యాంకులోనూ, సుజ్లాన్ అనే పవన విద్యుత్ కంపెనీలోనూ పనిచేశాక, 2006 నుంచి 2016 దాకా కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. మన ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద కనిపించే నక్షత్రాల లేబుళ్ళు ఆ సంస్థవే. 2021లో ఆయన అంతర్జాతీయ సౌర కూటమికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. సర్వీసులో ఉండి ఒకే విషయాన్ని పట్టుకున్నవారూ లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల కార్యక్రమాన్ని నడిపిన ఐఏఎస్ అధికారి టి. విజయ్‌కుమార్, విరమణ తర్వాత కూడా రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని నడిపించారు. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఇద్దరి దారులూ వేరు. విషయాన్ని పదేళ్ళకు పైగా వదలకపోవడంలో మాత్రం ఇద్దరూ ఒకటే.

మీలాంటి ఇంజనీరుకు నేను గట్టిగా సూచించే తలుపు వేరే ఉంది, దాని మీద కోచింగ్ కేంద్రాల ఫ్లెక్సీలు తక్కువ. ప్రభుత్వ ఆర్థిక సంస్థలు. వ్యవసాయ, గ్రామీణ రుణాలు చూసే నాబార్డ్ గ్రేడ్-ఏ, రిజర్వు బ్యాంకు గ్రేడ్-బీ అధికారుల పరీక్షలు, 1987 నుంచి పునరుత్పాదక ఇంధనానికే రుణాలిస్తున్న ఇరెడా, చిన్న పరిశ్రమల కోసం ఉన్న సిడ్బీ వంటివి. ఇక్కడ కూర్చుంటే ప్రభుత్వ సేవ, పెట్టుబడి ఒకే బల్ల మీద కనిపిస్తాయి. అంతర్జాతీయ హరిత వాతావరణ నిధి, వాతావరణ మార్పును తట్టుకునే పనులకు డబ్బిచ్చే అనుసరణ నిధి నుంచి మన దేశానికి ప్రాజెక్టులు తెచ్చే గుర్తింపు నాబార్డ్‌కు ఉంది. రిజర్వు బ్యాంకు 2023లో హరిత డిపాజిట్లకు నియమావళి తెచ్చింది. అదే ఏడాది జనవరిలో కేంద్ర ప్రభుత్వపు మొదటి హరిత బాండ్లు, 8,000 కోట్ల రూపాయలవి, రిజర్వు బ్యాంకు వేలం ద్వారానే అమ్ముడుపోయాయి. గ్రేడ్-ఏ, గ్రేడ్-బీ రెండింటికీ జనరల్ కేటగిరీలో 30 ఏళ్ళే హద్దు కాబట్టి మీకు మిగిలింది మూడేళ్ళు. సివిల్స్ మోజులో ఈ మూడేళ్ళు కరిగిపోయాక నన్ను అడిగినవారే ఎక్కువ.

ఎన్‌టీపీసీ వంటి ప్రభుత్వ విద్యుత్ సంస్థలలోకి గేట్ పరీక్ష ద్వారా వెళ్ళే దారి ఉంది గాని, దాని వయోపరిమితి మీకు ఇప్పటికే దగ్గరపడి ఉంటుంది, ప్రకటన చూసుకోండి. రామగుండం జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం వంటి పనులు అలాంటి చోట్లే నేర్చుకోవడానికి దొరుకుతాయి. శాఖలలో ప్రాజెక్టు నిర్వహణ యూనిట్ల పేరుతో ఒప్పంద ఉద్యోగాలు కూడా వస్తుంటాయి. వాటిలో సంతకం పెట్టే అధికారం ఉండదు, జీతం రెండు మూడు నెలలు ఆగడం మామూలే. కానీ జీవో ఎలా పుడుతుందో, ఆర్థిక శాఖ అభ్యంతరం అంటే ఏమిటో ఏడాదిలో తెలిసిపోతుంది. పెళ్ళి, ఇంటి రుణం లాంటివి మొదలుకాకముందే అయితే ఒక ఏడాది అలా గడపడం నష్టం కాదు.

మన నగరంలోని విదేశీ సంస్థల కేంద్రాలలో ఈఎస్‌జీ (పర్యావరణ, సామాజిక, పాలన) నివేదికల ఉద్యోగాలు ఈ మధ్య బాగా పెరిగాయి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ పర్యావరణ, సామాజిక లెక్కలు తప్పనిసరిగా చూపాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నియమం దీనికి ఒక కారణం. జీతం బాగుంటుంది. కానీ అది గడులు నింపే పని, నిర్ణయాలు వేరేచోట జరుగుతాయి. రెండేళ్ళకు మించి అందులో ఉంటే బయటికి రావడం కష్టమవుతుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా రాబడి ఉన్న ప్రాజెక్టుల గురించే. నిజంగా కష్టమైన భాగం వేరే ఉంది. వరద, ఎండ, కరువుల నుంచి జనాన్ని కాపాడే పనులకు బిల్లు కట్టేవారు ఉండరు. సౌర కేంద్రం యూనిట్లు అమ్ముతుంది, వరద కాలువ ఏం అమ్ముతుంది? 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆ ఆలోచనల ఫలంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వాతావరణ మార్పు అన్న మాటే లేని రోజుల్లో జరిగిన ఆ పని మొత్తం ఖజానా సొమ్ముతోనే జరిగింది, నేటికీ ఇలాంటి పనులకు ప్రధాన ఆధారం ఖజానాయే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇంటి కప్పుకు తెల్ల పూత వేస్తే గది చల్లబడుతుందని అందరూ ఒప్పుకుంటారు, రేకుల ఇంట్లో అద్దెకుండే కుటుంబానికి ఆ పూత డబ్బు ఎవరివ్వాలన్న దగ్గర మాట ఆగిపోతుంది. యజమాని కరెంటు బిల్లు కట్టడు, అద్దెదారు కప్పు మీద ఖర్చు పెట్టడు. ఈ ముడి విప్పగలిగేవారి అవసరం రాబోయే ఇరవై ఏళ్ళలో సౌర నిపుణుల అవసరంకంటే ఎక్కువగా ఉంటుందని నా అంచనా.

ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటుంది. 2020కి ముందు నగరంలో ఒక విద్యాసంస్థ భవనం మీద సౌర పలకలు పెట్టే ప్రాజెక్టుకు మా సంస్థ డబ్బు ఇచ్చింది. పరిశీలన నివేదిక మీద సంతకం నాది. ఎండ ఎంత, నీడ ఎంత, పలకల క్షీణత ఎంత, అన్నీ రాశాము. ఇన్వర్టర్లు సెల్లార్‌లో పెట్టారని కూడా రాశాము, చల్లగా ఉంటుంది కాబట్టి మంచిదే అని వ్యాఖ్య జోడించాము. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు సెల్లార్ నిండిపోయింది. మూడో రోజు నేను వెళ్ళేసరికి ఇన్వర్టర్ల డబ్బాల మీద బురద గీత నా భుజం ఎత్తున ఉంది. పంపు పెట్టి నీళ్ళు తోడుతున్న వాచ్‌మన్, "ఇదివరకు చెరువు అలుగు ఈడికెళ్లే పోతుండె సార్" అన్నాడు. గొలుసుకట్టు చెరువులలో ఒకదాని నీరు మరొకదానికి వెళ్ళే దారిలో ఆ భవనం ఉందని ఆయనకు తెలుసు, మా 64 పేజీల నివేదికకు తెలియదు. పలకలు మాత్రం కప్పు మీద చెక్కు చెదరకుండా ఉన్నాయి. అప్పటి నుంచి మా పరిశీలనలో పాత గ్రామ పటం, చెరువు పూర్తి నీటిమట్టం, శిఖం (చెరువు నిండితే మునిగే భూమి) హద్దులు చూడకుండా ఏ ఫైలూ ముందుకు కదలదు. ఆ పటాలు రెవెన్యూ, నీటిపారుదల కార్యాలయాలలో ఉంటాయి, వాటిని అడిగి తెచ్చుకోవడం ప్రభుత్వంలో పనిచేసినవారికే సులువు.

అటు నుంచి ఇటు మారేటప్పుడు పాటించవలసిన హద్దుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంత వివరంగా రాస్తాను. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలు 1968 నుంచి ఉన్నాయి. షేర్లలో జూదం ఆడినట్లు కొనుగోళ్ళు చేయడం అందులో నిషిద్ధం. పెద్ద సర్వీసులవారు విరమణ చేసిన ఏడాదిలోపు ప్రైవేటు ఉద్యోగంలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. నాకు ఆ స్థాయి నియమాలు వర్తించకపోయినా, కొత్త సంస్థలో చేరిన రోజునే ఒక కాగితం రాసి ఇచ్చాను. నేను ప్రభుత్వంలో ఉండగా చేయి పెట్టిన ఏ ప్రాజెక్టు మీదా రెండేళ్ళపాటు అభిప్రాయం చెప్పనని దాని సారాంశం. దానివల్ల ఒక మంచి ఒప్పందం నా చేతుల మీదుగా జరగలేదు. అయితే పాత కార్యాలయంలోకి వెళితే ఈనాటికీ కుర్చీ వేసి కూర్చోమంటారు. పాత పరిచయాలను అమ్ముకోవడానికి పనికొస్తారని మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునే సంస్థలు కూడా తగులుతాయి. ఇంటర్వ్యూలో మీ పనికంటే మీకు తెలిసిన అధికారుల పేర్ల గురించే ఎక్కువ అడిగితే అక్కడి నుంచి లేచి రండి.

పెట్టుబడి నుంచి ప్రభుత్వంలోకి వచ్చే దారి ఇరుకు. 2018లో జాయింట్ సెక్రటరీ స్థాయిలో పది పోస్టులకు బయటివారి నుంచి దరఖాస్తులు పిలవడంతో ఆ దారి కొద్దిగా తెరుచుకుంది, 2024 ఆగస్టులో 45 పోస్టుల ప్రకటన వచ్చి కొద్ది రోజుల్లోనే వెనక్కి వెళ్ళింది. అంతర్జాతీయ సంస్థలలో ఈ రాకపోకలు మామూలు. మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన అజయ్ బంగా మాస్టర్‌కార్డ్ అధిపతిగా, ఆ తర్వాత జనరల్ అట్లాంటిక్ అనే పెట్టుబడి సంస్థలో ఉండి, 2023లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడయ్యారు. మార్క్ కార్నీ ఇంగ్లండ్ కేంద్ర బ్యాంకు గవర్నరుగా 2015లోనే వాతావరణ ముప్పు బ్యాంకులకూ ముప్పేనని హెచ్చరించి, 2020లో బ్రూక్‌ఫీల్డ్ అనే పెట్టుబడి సంస్థలో చేరారు. మరుసటి ఏడాది, తమ సౌర, పవన కేంద్రాల వల్ల తప్పిన ఉద్గారాలను లెక్కలో వేసుకుంటే తమ పెట్టుబడులన్నీ కలిపి ఉద్గారాలు నికరంగా సున్నా అని చెప్పి, విమర్శలు రాగానే ఆ మాట సవరించుకున్నారు. అంతటి మనిషికే లెక్క దగ్గర కాలు జారింది. ఇలాంటి పేర్లు చూసి మీ దారి గీసుకోవద్దు, వారు వెళ్ళిన దారిలో మనకు నిచ్చెనలు లేవు.

డబ్బు సంగతి కూడా ఉన్నదున్నట్లు చెప్పాలి. ప్రభుత్వం వైపు ఏ తలుపులోంచి వెళ్ళినా, అయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవానికి మీకు ఇప్పుడు వస్తున్న జీతం చేతికి రావడం కష్టం. ఇంట్లోవాళ్ళతో ఈ మాట ముందే మాట్లాడుకోండి. పెట్టుబడి వైపు వెళ్ళాక లోటు పూడుతుంది గాని, దానికి ఎనిమిది పదేళ్ళు పడుతుంది. నేను 2014లో రాజీనామా చేసినప్పుడు మా నాన్నగారు పెన్షన్ పోగొట్టుకున్నావని ఆరు నెలలు సరిగా మాట్లాడలేదు.

ఎంబీఏ ఇప్పుడే వద్దని నా సలహా. ప్రాజెక్టు ఫైనాన్స్ నేర్చుకోవడానికి మీకు కావలసింది పైన నేను చెప్పిన ఒక మెగావాట్ లెక్కను సొంతంగా స్ప్రెడ్‌షీటులో కట్టి, వడ్డీ అర శాతం మారితే, ఉత్పత్తి అయిదు శాతం తగ్గితే, చెల్లింపు మూడు నెలలు ఆగితే ఏమవుతుందో వేళ్ళ మీద చెప్పగలిగేదాకా ఆడటం. పదేళ్ళలో తొమ్మిదేళ్ళు దాటే ఉత్పత్తిని పీ-90 అంటారు, బ్యాంకులు దాని మీదే అప్పు ఇస్తాయి. నిర్వహణ ఖర్చు పోగా ఏటా మిగిలేది బ్యాంకు వాయిదాకు ఎన్ని రెట్లో చెప్పేది డీఎస్‌సీఆర్. మన ఉదాహరణలో అది 1.2కి కొద్దిగా తక్కువ, ఆ అంకెకు చాలా బ్యాంకులు మొహం చిట్లిస్తాయి. ఈ రెండు మాటలు నోటికి అలవాటైతే ఇంటర్వ్యూలో సగం దూరం వచ్చినట్లే. చదువే కావాలనుకుంటే ఐఐటీ హైదరాబాద్‌లో వాతావరణ మార్పుకు ప్రత్యేక విభాగం ఉంది, చూడండి. మీ సాఫ్ట్‌వేర్ అనుభవాన్ని కూడా తక్కువగా చూడకండి. రేపటి విద్యుత్ గిరాకీని, సౌర ఉత్పత్తిని పదిహేను నిమిషాల గడులుగా అంచనా వేయగలిగేవారి అవసరం ప్రతి పంపిణీ సంస్థకూ ఉంది.

ఈ ఆరు నెలల్లో ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటి చెబుతాను. డిస్కమ్‌ల వార్షిక ఆదాయ అవసరాల ప్రతిపాదన మీద తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. ప్రతిపాదన కాగితాలు మండలి వెబ్‌సైటులో ఉంటాయి, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, కోరితే విచారణలో మాట్లాడవచ్చు. రైతు సంఘాలవారు, పరిశ్రమలవారు, దశాబ్దాలుగా ఈ లెక్కలు చదువుతున్న పెద్దమనుషులు అక్కడికి వస్తారు. ఒక రోజు సెలవు పెట్టి వెళ్ళి వెనక వరుసలో కూర్చోండి. ముందుగా విద్యుత్ కొనుగోలు ఖర్చు పట్టిక ఒక్కటి చదువుకుని వెళితే చాలు. ఎవరి ప్రశ్నకు అధికారులు వెంటనే జవాబిస్తున్నారో, ఎవరి ప్రశ్నకు 'రాతపూర్వకంగా పంపుతాము' అంటున్నారో గమనించండి. ఆ రెండో రకం ప్రశ్నలు రాసి పెట్టుకుని తీసుకురండి, ఒక్కొక్కటీ ఎక్కడ దాకా వెళుతుందో కలిసి చూద్దాం. విద్యుత్ కాక నీరు, పంటల వైపు మొగ్గితే ఆ మాట కూడా ఇక్కడే రాయండి. వాటిలో నాకున్న అనుభవం తక్కువ, ఆ రంగాలలో పనిచేసినవారు మన మధ్యే ఉన్నారు, వారిని జవాబు రాయమని అడుగుతాను.